సావుకారు జేబులో తాళంచెవి

ఈ రోజు మిర్యాలగూడలో మ్యాట్నీ చూశాను. మంటల్లో చిక్కుకున్న మనుషుల ఇంగ్లీషు సినిమా. మాటలు తెలియకపోయినా, తాళం పడిన తలుపును లోపలినుంచి బాదే చేతులు హాలంతటికీ అర్థమయ్యాయి. ఇంటర్వెల్‌లో వెనక్కి తిరిగితే, కుర్చీ క్లాసులో మా రైస్‌మిల్లు సావుకారు కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఆయన ఇక్కడుంటే మిల్లు తాళం ఎవరు తీస్తారు? బియ్యం చెరిగే ఆడవాళ్లు ఒడిలో గింజలు కట్టుకుపోతారని ఆయన పొద్దున్నే మిల్లుకు బయటినుంచి తాళం వేస్తాడు. లోపల పన్నెండు మంది, మా అమ్మతో కలిపి. గోడ అవతలే ఊకతో మండే బాయిలర్.

"సావుకారూ, తాళంచెవి ఏడున్నది?"

"నా జేబులనే భద్రంగ ఉన్నదిరా. ఎందుకు?"

"మా అమ్మ లోపలున్నది. జర ఇయ్యుండ్రి, తలుపు తీస్త."

"గిది సినిమారా పిచ్చోడా! అయినంక నేనే వస్త. కూసో."

జేబు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

నేను మిల్లుదాకా పరుగెత్తాను. రాయి తీసుకొని తాళం మీద కొట్టాను. ఊడలేదు. "అమ్మా!" అని అరిచాను. తలుపు వెనకనుంచి నింపాదిగా అడిగింది: "ఏం బిడ్డా, సినిమా మంచిగున్నదా?"

సావుకారు వచ్చేదాకా ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.

ఇది రాసి టీకొట్టు గోడకు అంటిస్తున్నాను. ఆ సినిమాకు ఏడ్చినవాళ్లు కింద రాయండి: మీ మిల్లు తాళంచెవి ఇప్పుడు ఎవరి జేబులో ఉంది?