కోచింగ్ అన్న ఒక్క మాట

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడి తలెత్తితే, వానకు సగం చిరిగిన ఫ్లెక్సీ ఒకటి కనిపించింది; నాయకుల మొహాలన్నిటి మధ్య ఓ మూలన రైఫిల్ పట్టుకున్న ఆడపిల్ల, ఆ పిల్లకు షూటింగ్ ఆటలో స్కాలర్‌షిప్ వచ్చినందుకు కాలనీవాళ్ల అభినందనలు. ఆటో వచ్చింది, పోయింది, నేను అక్కడే నిలబడిపోయాను.

నాకు మా అక్క కూతురు గుర్తొచ్చింది. దాని సంగతి చెప్పే ముందు నా గురించి ఒక ముక్క. ఆ రోజుల్లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో నేను చెయ్యెత్తితే మామిడికాయల లారీలు ఆగేవి. సరే, మీ దగ్గర దాపరికమెందుకు, గేటు మూసి ఉంటే ఆగేవి. నేను కమీషన్ దుకాణంలో ఒక గుమాస్తాను, అంతే. కానీ మూసారాంబాగ్‌లో కిరాయికుండే మా అక్క నా బడాయిలన్నీ నమ్మేది, పట్నంలోని పెద్దమనుషులంతా తమ్ముడికి తెలుసని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది.

మేనకోడలు బడిలో ఎన్‌సీసీలో చేరి మొదటిసారి తుపాకి పట్టింది. ఆ తర్వాత రెండు బస్సులు మారి ఊరి ఆ చివరనున్న షూటింగ్ రేంజ్‌కు పోయి, ఎవరిదో రైఫిలు, ఎవరిదో వదులు జాకెట్టు అడిగి తీసుకుని, పది మీటర్ల దూరంలోని చుక్కను కొట్టడం నేర్చుకుంది. ఇంట్లో రైఫిలెక్కడిది? కర్టెన్ రాడ్డుకు ఇటుక కట్టి, గోడకు వాళ్లమ్మ బొట్టుబిళ్ల అంటించి, ఊపిరి బిగబట్టి అలా నిలబడేది. చేతులు వణకడం మానేదాకా కదిలేది కాదు. సొంత రైఫిలు, ఒంటికి సరిపోయే జాకెట్టు లేకపోతే ఇక ముందుకు పోవడం కష్టమని దాని గురువు తేల్చేశాడు. బస్ డిపోలో మెకానిక్కైన మా బావ, ఇంటర్ పరీక్షలయ్యేలోపు ఎవరైనా సాయం చేస్తే సరే, లేదంటే ఆట చాలించి చదువు చూసుకోవాలని గడువు పెట్టాడు. ఇంకేముంది, అక్క నా వైపు చూసింది.

దాన్ని వెంటేసుకుని నేను ఎక్కని మెట్లు లేవు. ఎక్కడికి పోయినా ఒకటే చిక్కు: మన ఊళ్లో షూటింగంటే సినిమానే కదా. ఒక ఆఫీసులో పెద్దసారు కళ్లద్దాలు పైకి జరుపుకుని నవ్వాడు.

"షూటింగ్‌కు స్కాలర్‌షిప్ ఏందయ్యా? హీరోయిన్ వేషమా, చెల్లె వేషమా?"

"తుపాకి వేషం సార్" అంది మేనకోడలు. ఆ నవ్వు ఆగిపోయింది, ఆ పనీ ఆగిపోయింది.

దాంతో నాకు తెలివి పుట్టింది. షూటింగంటే నవ్వుతున్నారు, తుపాకి అంటే బెదురుతున్నారు, ఆ రెండు మాటలూ ఎత్తకుండానే పని కానిద్దామనుకున్నాను. మా మార్కెట్ వ్యాపారులు కొందరు పిల్లల చదువులకు సాయం చేసే ట్రస్టు నడిపేవారు. దాని పెద్ద కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాయన, మంచి మనసున్నవాడు.

"ఏం కావాలయ్యా పిల్లకి?"

"కోచింగ్‌కు సాయం కావాలె సార్."

"బుద్ధిగా చేస్తుందా మరి?"

"గురి తప్పది సార్."

"అదీ! గురి ఉండాలి. గురి లేకపోతే ఎంత చదివినా దండగే."

పిల్ల నా చొక్కా లాగింది. "అసలు సంగతి చెప్పు మామా" అని గొణిగింది. ముందు ఒప్పుకోనియ్యి, తర్వాత నేను చూసుకుంటానని కళ్లతోనే కసిరాను.

ఆయన ఒప్పుకున్నాడు. మన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగంటే ఏమనుకుంటారో మీకు వేరే చెప్పాలా? ఇక్కడ పానీపూరీ బండ్లకన్నా ఎక్కువున్నవి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ బోర్డులే. పెద్దాయన స్వయంగా పోయి, మంచి సెంటర్ చూసి, ఏడాది ఫీజు అక్కడే కట్టి, పుస్తకాల సంచీతో, మామిడిపండ్ల పెట్టెతో అక్క ఇంటికొచ్చాడు. మా బావ ఆ సంచీని రెండు చేతులతో అందుకున్నాడు. మాకోసం ఇంత చేసినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరంటూ తలుపు వెనక్కి పోయి ముఖం తుడుచుకున్నాడు. ఆ ముఖం చూశాక, ఇది కాదు సార్ మేమడిగింది అని నోరు తెరిచే మగాణ్ణి నేను కాలేకపోయాను. ఊళ్లో అందరి ముందూ ఆగకుండా వాగే నోరు అది.

పెద్దాయన పోయాక మేనకోడలు పుస్తకం తిరగేస్తూ, తలెత్తకుండానే అంది: "తుపాకని ఒక్కసారి అంటే ఏమైతుండె మామా? గాయన మంచోడే కద."

మర్నాడు అరువు జాకెట్టు ఉతికి, ఆరేసి, మడతపెట్టి రేంజ్‌లో ఇచ్చొచ్చింది.

ఇప్పుడది ఇంజినీరు. నాగోల్ దగ్గర ఫ్లాటు కొనుక్కుంది, పండగకు నాకు కొత్త చొక్కా తెస్తుంది, ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. కాలం మారింది. ఆటల పిల్లలకు సాయం చేసేవాళ్లెవరో ఫోనులోనే వెతుక్కోవచ్చట, మాకు రైఫిలు కావాలని తల్లిదండ్రులు తలెత్తుకుని అడుగుతున్నారట. అడగడమెలాగో తెలిసిన కాలమిది. మాకు దాచిపెట్టి అడగడమే తెలుసు.

మా పిల్లను ఆడనిచ్చి ఉంటే దేశానికి పతకం తెచ్చేదని మీతో చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పను. ఇన్ని కోతలు కోసిన నాకు ఆ ఒక్క కోత కోయడానికి నోరు రావడం లేదు. తెచ్చేదేమో, రెండో పోటీలోనే ఓడి ఇంటికొచ్చేదేమో. అదేదో తేలనియ్యకుండా చేసిన మేనమామను నేను.