సారు రాయించిన చివరి అధ్యాయం

మన పూర్వ విద్యార్థుల పత్రిక గత సంచికలో, మన ఇంగ్లీషు సారు "తనకిష్టమైన నవల సినిమాగా రావడం చూసి తృప్తిగా కన్నుమూశారు" అని రాశారు. కన్నుమూశారన్నది నిజం. తృప్తిగా అన్నది సంపాదకుడు కలిపింది. కర్నూలులో ఆ సినిమా చూసిన రోజు సారు పక్క సీట్లో కూర్చున్నది నేను.

మర్చిపోయినవాళ్ల కోసం ఆ నవల సంగతి చెబుతాను. ఒక నగరంలో ఇళ్లకు తలుపులు ఉండకూడదని ఆజ్ఞ వస్తుంది. అన్నిటినీ ఊడదీసి గోదాములో పడేస్తారు. ఒక ముసలావిడ మాత్రం నా తలుపు నాకివ్వండని ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే ఉంటుంది. చివరి అధ్యాయంలో ప్రభుత్వం మారి, ఎవరి తలుపు వాళ్లు తీసుకుపొమ్మంటుంది. ఎవరూ రారు. ఆవిడ ఒక్కతే వెళ్లి తన తలుపును వీపున మోసుకుంటూ వస్తుంటే, "ఏం దాచుకోవాలని?" అని అడిగేది పోలీసులు కాదు, ఇరుగుపొరుగువాళ్లు.

ఆ పుస్తకం మన సిలబస్‌లో లేదు. సారే దాన్ని తెలుగు చేసి ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసుకున్నారు. అచ్చు వేయించండి సార్ అంటే, "ఇంగా ఒక మాట కుదరల్లేదమ్మా" అనేవారు. నలభై ఏళ్లపాటు ఆ ఒక్క మాటా కుదరలేదు. కానీ ఏటా పాఠాలన్నీ అయిపోయాక, చివరి అధ్యాయం మాత్రం ప్రతి బ్యాచ్ చేతా రాయించేవారు. ఆయన చెప్పడం, మనం రాయడం. రబ్బరు పట్టుకుంటే ఊరుకునేవారు కాదు. తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన సరైన మాట రాయాలి. "చెరిపేది ఆ కథలో సర్కారోళ్ల పనప్పా. మన తప్పు మనకు కనపడతానే ఉండల్ల" అనేవారు.

ఇంకో అలవాటు. క్లాసు తలుపు బార్లా తెరిచి ఉన్నా తట్టిగానీ లోపలికి వచ్చేవారు కాదు. వెనక బెంచీవాళ్లు "తెరిచే ఉండాది సార్" అని నవ్వేవారు. "కండ్లు కనపడతాండాయి లేప్పా. మిమ్మల్ని అడగకుండా ఎట్ల వచ్చేది?" అనేవారు, ఆలూరు యాస ఏమాత్రం తగ్గించకుండా.

పోయిన ఏడాది సినిమావాళ్లు ఇద్దరొచ్చి ఆ నోటుపుస్తకం అడిగారు. సారు తటపటాయించారు. ఇవ్వండి సార్, నలుగురూ చూస్తారు అన్నది నేను. నేనూ టీచర్నే, బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు బుద్ధులు చెప్పిన నోరు కదా, ఊరుకోలేదు. సారు ఇచ్చేశారు.

సినిమా మొదలైన పది నిమిషాలకు ఒక కుర్రాడు గోడ దూకాడు. సారు నా చెవి దగ్గరికి వంగారు.

"ఏమ్మా, వేరే హాల్లోకి వచ్చినామా?"

"ఇదే సార్."

"మరి ఈ పిల్లోడెవుడు?"

"హీరో సార్."

"మన కథలో హీరో యాడుండాడమ్మా?"

ముసలావిడ ఆ హీరోకి అవ్వ అయింది, ఇంటర్వెల్‌కి చచ్చిపోయింది. చివర్లో హీరో గోదాము తాళం పగలగొడితే, జనమంతా తలుపులు నెత్తిన పెట్టుకుని పాట పాడుకుంటూ ఇళ్లకు పోయారు. హాలంతా ఈలలు. తెర మీద కృతజ్ఞతల్లో సారు పేరు కనబడగానే వెనక వరసలోంచి మన సంపాదకుడు లేచి చప్పట్లు కొట్టాడు, బయట చేతులు పట్టుకుని అభినందించాడు. సారు నవ్వారు. పెద్దమనిషి మర్యాదకు నవ్విన నవ్వును మనవాడు తృప్తి అని అచ్చేశాడు.

ఆటోలో సారు అన్న మాట అచ్చేయండి: "మనల్ని తిట్టల్సిన కథమ్మా అది. పొగిడి పంపించినారు."

నోటుపుస్తకం కోసం సారు కూతురు సినిమావాళ్లకు ఫోన్ చేస్తే, "వెతుకుతున్నాం మేడమ్" అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. సారు మళ్లీ రాయబోయారు. ముసలి చేతికి అక్షరం నిలవలేదు. అప్పుడు నన్ను అడిగారు: "చివరి అధ్యాయం నీకాడ ఉండల్ల గదా?"

నాది లేదు. వేంపల్లెకు బదిలీ అయినప్పుడు సామాను తగ్గించాలని పాతపేపర్లవాడికి నా చేత్తోనే వేశాను. ఆ మాట దాచి, "వెతుకుతాను సార్" అన్నాను. సినిమావాళ్లు అన్నదీ అదే మాట. మూడు వారాలకు ఆయన పోయారు, నేనింకా వెతుకుతున్నాననే నమ్మకంతో. చర్చి తోటలో ఆయన మీద మట్టి వేసినప్పుడు నా చేతికి ఆ మట్టి ఒక్కటే బరువు కాదు.

ఇప్పుడు నిజంగానే వెతుకుతున్నాను. మీరూ వెతకండి, మీ బ్యాచ్‌లో రాసుకున్న కాపీల కోసం. అటక మీది పెట్టెలు, బీరువా అడుగు అరలు, డిగ్రీ సర్టిఫికెట్ల కింద చూడండి. సగమే దొరికినా తీసుకురండి, రెండు సగాలు కలిస్తే ఒకటవుతుంది. గీత కొట్టిన మాటలు ముట్టుకోకండి, సిగ్గుపడి తెల్లకాగితం మీద ఎత్తి రాయకండి. సంపాదకుడుగారూ, మీది కూడా. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కన సారు ఇంటి ముందుగదిలోనే ఉంటాను. తలుపు తెరిచే ఉంటుంది. తట్టి రండి.