రాఘవయ్యగారు నొక్కని బటన్

ఆ కబురు మొదట నాకు చెప్పింది మా ఆఫీసులో ఫోన్లు తీసే తులసి. రెండేళ్ల కిందట ఎండాకాలం, విజయవాడ ఆటోనగర్‌లోని మా చిన్న ఆఫీసులో నేనింకా సంచి కూడా దించలేదు. "అక్కా, కైకలూరు రాఘవయ్యగారి ఫోన్‌లో అలారం మోగలేదట. ఆయనకి మెలకువొచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే రొయ్యంతా పోయేదట" అంది.

రొయ్యల చెరువుల్లో ఏరేటర్లని ఉంటాయి, నీళ్లలో గాలి కలిపే యంత్రాలు. కరెంటు పోయి అవి ఆగితే కాసేపట్లోనే రొయ్య తేలిపోతుంది. కరెంటు పోగానే రైతు ఫోన్ మోగేలా యాప్ రాసింది నేనే. నేను బడికి వెళ్లి చదివినదాన్ని కాదు. అక్షరాలు అమ్మ దగ్గర, కంప్యూటర్ నాన్న కొన్న పాత డబ్బా దగ్గర, అంతా ఇంట్లోనే. అలాంటిదాని పనిని నమ్మి ఒక రైతు కునుకు తీస్తున్నాడంటే అది భగవంతుడి దయ. ఆ నమ్మకం పోకూడదని, నాతో పనిచేసే కిశోర్‌ని వెంటబెట్టుకుని కైకలూరు బయల్దేరాను.

అలారం మిగతా ఫోన్లన్నిటిలో మోగుతోంది, ఆయన దాంట్లోనే మోగడం లేదు. ఫోన్ లోపల ఏం జరుగుతోందో చూడాలంటే సెట్టింగుల్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ అనే మీట ఆన్ చేసి, వైరుతో ల్యాప్‌టాప్‌కి కలపాలి. కలపగానే ఫోన్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ కంప్యూటర్‌ని అనుమతించాలా అని. కింద ఒక చిన్న గడి, దాంట్లో టిక్ పెడితే ఇక ఆ కంప్యూటర్‌ని ఎప్పుడూ అడగదు.

"ఏంటమ్మాయ్ ఇది?" అన్నారు రాఘవయ్యగారు.

"మీ బీరువా తెరవమంటారా అని అడుగుతోందండీ. నేను ఎదురుగా ఉన్నప్పుడు సరే అనండి. ఇంకెవరి దగ్గర వచ్చినా నొక్కకండి."

"బ్యాంకు కూడా ఇందులోనే ఉంది. మోటార్లు ఆన్ చేసేదీ దీంతోనే."

"అందుకేనండీ."

ఆ లోపం ఫోన్ ఒకట్రెండు రోజులు వాడాకగానీ బయటపడదు. ఫోన్ మాకిచ్చేస్తే ఆయన చెరువుకి దిక్కులేదు. కిశోర్ ఒక దారి చెప్పాడు. "పాత ల్యాప్‌టాప్ ఈ చెరువుగట్టు షెడ్డులో వదిలేద్దాం అక్కా. ఫోన్‌ని వైఫైలో దానికి కలిపి ఉంచితే విజయవాడ నుంచే చూసుకోవచ్చు. రోజూ ఈ ఎండలో తిరగక్కర్లేదు."

షెడ్డు తలుపు మీద వైఫై పాస్‌వర్డ్ సుద్దతో అంత లావున రాసి ఉంది. మేత వ్యానువాళ్లు, నీళ్లు పరీక్ష చేసేవాళ్లు, అందరికీ అదే. ఆ వైఫైలో ఉన్న ఎవరైనా ఆ ఫోన్ దాకా రావచ్చని నేను తలుపు వైపు చూపించాను. "సరే, ఎండే నయం" అన్నాడు.

చివరికి ఎప్పుడేం జరిగిందో యాప్ తన చిట్టా తనే ఫోన్ లోపల రాసుకునేలా మార్చి ఎక్కించాను. మూడోరోజు వచ్చి వైరు పెట్టి తీసుకుంటే చాలు. ఎక్కించడం అయిపోయింది, డీబగ్గింగ్ ఆపడమే మిగిలింది. అప్పుడే కరెంటు పోయింది. రాఘవయ్యగారు ఫోన్ లాగి జేబులో వేసుకుని జనరేటర్ దగ్గరికి పరుగెత్తారు. మేమూ పరుగెత్తాం. ఏరేటర్లు మళ్లీ తిరిగాక ఆ సంతోషంలో బస్సెక్కేశాం.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్. "అమ్మాయ్, నీ ప్రశ్న మళ్లీ వచ్చిందే! హనుమాన్ జంక్షన్‌లో ఉన్నా. మనవరాలి ఫొటోలు కాపీ చేయిద్దామని సెల్ షాపులో కంప్యూటర్‌కి పెట్టించా."

వెనక షాపతని గొంతు: "నొక్కేయండి బాబాయ్, ఏం కాదు. అందరూ నొక్కేదే."

"నువ్వుండవయ్యా, అడుగుతున్నాగా! ఏమ్మా, నొక్కనా?"

ఆ షాపతనిది దురుద్దేశమని నేననను. తలుపు తీసి వదిలేసి వచ్చింది నేను. "వద్దండీ, వైరు పీకేయండి. తప్పు నాది, ఆపడం మర్చిపోయాను" అన్నాను. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పి ఆపించాను.

"జనరేటర్ గోలలో పడ్డావులే. దానికేముంది" అన్నారాయన. ఒక్క మాట తిట్టలేదు.

మూడోరోజు చిట్టా తీస్తే కారణం దొరికింది. ఛార్జింగ్ మిగల్చడానికి ఆ ఫోన్ మా యాప్‌ని నిద్రపుచ్చేస్తోంది. సరిచేశాను. ఈసారి డీబగ్గింగ్ ఆపి, ఆ మీట ఆయనకే చూపించి మరీ ఫోన్ చేతిలో పెట్టాను. వారం తిరక్కుండానే ఆయన ఫోన్ చేశారు. "మోగిందమ్మా! మా ఆవిడ చెవులు మూసుకుంది" అని నవ్వారు. నేను దేవుడి గదిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకున్నాను.

ఎవరి ఫోనైనా, మీట ఆపి ఉందని యజమాని కళ్లారా చూశాకే మా ఆఫీసు దాటుతుంది ఇప్పుడు. ఆలస్యమవుతుందని కొత్తవాళ్లు విసుక్కుంటే కిశోరే వాళ్లని కసురుతాడు. ఇన్నేళ్లలో ఎన్నో యాప్‌లు రాశాను. ఒక రైతుకి రెండు ముక్కల్లో చెప్పిన మాట నా మతిమరుపు నుంచి ఆయన్ని కాసింది, అదే నాకు అన్నిటికన్నా గర్వం.

రేపు మీ ఫోన్ ఏదో అడుగుతుంది, పక్కనెవరో "నొక్కేయండి, ఏం కాదు" అంటారు. అప్పుడు ఒక్క క్షణం వేలు ఆపి, కైకలూరు రాఘవయ్యగారిని తలుచుకోండి.