మూడో ముక్క

ఊళ్లో సగం ఇళ్ల గోడల మీదున్న మొహాలు చీకటి మామ తీసినవే. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తులేదు. పగలంతా నల్లగుడ్డలో తల దూర్చి, ఆపైన తలుపులు బిగించుకుని ఫిల్ములు కడుక్కునే మనిషికి అంతకంటే తగిన పేరేముంటుంది? అలాంటివాడి సొంత అక్కకి ఒక్క ఫొటో లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

తప్పు ఆయనది కాదు. ఎవరైనా ఫొటో తియ్యాలని ఫోన్ ఎత్తితే చాలు, అక్క మొహానికి అరచెయ్యి అడ్డం పెట్టేది. "ఈ మొహానికి అదొక్కటే తక్కువ" అని నవ్వేది. తమ్ముడి పెద్ద కెమెరాకి నల్లగుడ్డ కుట్టిపెట్టింది ఆవిడే, దాని ముందు మాత్రం ఏనాడూ కూర్చోలేదు. చివరికి దవడలో పుండు ముదిరి, ఎడమవైపు ఎముక తీసెయ్యాలని డాక్టర్లు తేల్చాక తనంతట తనే స్టూడియోకి వచ్చింది.

"తియ్యరా. రేపటినుంచి ఈ మొహం ఉండదు. ఎప్పుడైనా చూసుకోవాలనిపిస్తే చూసుకుంటా" అంది.

మామ దగ్గర పాత పెట్టెలో నాలుగే ఫిల్ములున్నాయి, ఒక్కోటీ అరచేతికంటే పెద్దది. వాటిని చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. నాలుగూ అక్కకే వాడేశాడు.

ఇక కడగాలి. ఇదివరకైతే చీకట్లో ట్రేలో వేసి చేత్తోనే కదిపేవాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, తడి ఫిల్ముకి గోరు తగిలితే గీత పడుతుంది. అందుకని ఎప్పుడో వేరే స్టూడియోవాడి దగ్గర కొన్న తిరిగే యంత్రం దుమ్ము దులిపాడు. ఫిల్ముని డ్రమ్ములో అమర్చి బొమ్మని తేల్చే మందు, డెవలపర్, కాస్త పోస్తే అదే దొర్లించి కడుగుతుంది. చిక్కల్లా ఎంతసేపు అన్నదే. పెట్టె మీద అచ్చువేసిన సమయం ట్రేకి. డ్రమ్ములో మందు క్షణం ఆగకుండా ఫిల్ముని రాసుకుంటూనే ఉంటుంది కాబట్టి సమయం తగ్గించాలి. ఎంత తగ్గించాలి? యంత్రం అమ్మినవాడికి ఫోన్ చేస్తే "నేను దాంట్లో రంగు ఫిల్ములే కడిగానండీ, నన్నడిగితే ఏం చెప్పను?" అని చేతులెత్తేశాడు.

"ఒకటి వేసి చూడు మామయ్యా" అంది అక్క కూతురు, ఆసుపత్రికి అన్నం డబ్బా తీసుకెళ్లడానికి వచ్చి.

"వేసి చూడ్డానికి వేరే ఫిల్ము ఏదే? ఉన్నవన్నీ మీ అమ్మే."

కానీ పిల్ల చెప్పిందే నిజం, వేరే దారి లేదు. మామ గది తలుపు వేసుకుని ఒక ఫిల్ము బయటికి తీశాడు. మూలనున్న నొక్కు వేలితో తడిమి పైభాగం ఏదో తెలుసుకున్నాడు. నిలువునా మూడు ముక్కలు చెయ్యాలి. కత్తెర చేతిలో ఉంది, చెయ్యి రాలేదు. ఆసుపత్రిలో అక్కని కోసినవాళ్లకి కనీసం వెలుగైనా ఉంది అనుకున్నాడు. పళ్లు బిగబట్టి కోశాడు.

మొదటి ముక్క బొగ్గులా వచ్చింది. సమయం తగ్గించాడు. రెండోది నీళ్లు కలిపిన పాలలా పలచగా వచ్చింది. నడుమ చూసుకుని మూడోది కడిగితే, అబ్బ, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు! సమయం దొరికిందని మామ ఎగిరి గంతేసినంత పని చేశాడు. మర్నాడే అక్క ఇంటికొస్తోంది. తొందర ఒకటి, చెయ్యి మళ్లీ ఎక్కడ తడబడుతుందోనన్న భయం ఒకటి. మిగిలిన మూడు ఫిల్ములూ ఒకేసారి డ్రమ్ములో పెట్టి, ముక్కలకి ఎంత డెవలపర్ పోశాడో అంతే పోసి, అదే సమయం దొర్లించాడు.

దీపం వేశాక చూస్తే మూడింటిలోనూ అక్క లేదు. పొగమంచు వెనక ఎవరో నిలబడినట్టు ఓ మసక, అంతే. సమయం తప్పలేదు, మందు చాల్లేదు. ఒకడికి వండింది ఊరందరికీ వడ్డించాడు. మసక బొమ్మని ముదురు చేసే రసాయనంలో ముంచి చూశాడు, పాత ఫిల్ము మచ్చలే ముదురయ్యాయి. ఇన్నేళ్లు మందు కొలిచిన చెయ్యి ఇది. గోడకేసి కొట్టుకోవాలనిపించింది, కొట్టుకున్నాడు కూడా.

అక్క వచ్చింది. ఎడమ చెంప లోపలికి పోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. కూర్చోగానే చెయ్యి చాపింది.

"ఏదిరా?"

ఆయన అబద్ధం ఆడలేకపోయాడు. చేసిన పనంతా చెప్పేశాడు. చెప్పి, బాగా వచ్చిన ఆ ఒక్క ముక్కనే మనిషి మొహమంత పెద్దది చేసిన కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. చెవి, కన్ను చివర, చెంప, దవడ. అన్నీ ఎడమవైపువే.

"పాడుచేశానక్కా. నీ మొహం లేకుండా చేశాను" అన్నాడు.

అక్క ఆ కాగితం కేసి చాలాసేపు చూసింది. తర్వాత లేచి అద్దం ముందుకెళ్లి, దాన్ని తన ఎడమ చెంపకి ఆనించి పట్టుకుంది.

"వాళ్లు తీసేసింది ఇదేగా" అంది కూడదీసుకుంటూ. "మిగతాది నా దగ్గరే ఉందిరా."

చీకటి మామ నేలమీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. ఆవిడ మాత్రం కాగితం దించలేదు.