మా చెల్లె కంప్యూటర్ మూగబోయిన పొద్దు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి ఒక్క విద్య పట్టుబడితే చాలు, లోకమంతా ఆ విద్య రానివాళ్లతోనే నిండిపోయినట్లు కనిపిస్తుంది. తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయిన ఆ రోజుల్లో నేను దేవరకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. నాకు పట్టుబడిన విద్య, లినక్స్ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి సొంతంగా తయారు చేసుకోవడం. తెలియనివారి కోసం చెప్తాను. లినక్స్‌లో ఏ ప్రోగ్రామైనా కట్టిన ప్యాకేజీగా సిద్ధంగా దొరుకుతుంది, ఒక్క ఆదేశమిస్తే వచ్చి కూర్చుంటుంది. అయితే రాసినవాళ్లు దాని కోడ్‌ను కూడా అందరికీ తెరిచి పెడతారు. ఆ కోడ్ దించుకొని మన మిషన్ మీదే ప్రోగ్రాంగా మార్చుకోవచ్చు. దుకాణంలో పిండి పొట్లం కొనకుండా జొన్నలు తెచ్చి విసురుకోవడమన్నమాట. నేను విసురుకునే జాతి. పొట్లాలు కొనేవాళ్లంటే నాకు జాలి. (ఇంట్లో ఒక్కనాడైనా రొట్టె చేసిన పాపాన పోలేదని మా అమ్మ పక్కనుంటే గుర్తుచేసేది.)

కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చడానికి కొట్టే ఆదేశం పేరు 'మేక్'. మేక్ నడుస్తోంది, ఎవరూ మిషన్ ముట్టొద్దని రోజుకు నాలుగుసార్లు చెప్పేదాన్ని గనుక పిల్లలు నాకు మేకల మేడం అని పేరు పెట్టారు. ల్యాబ్ అటెండరు చాచాకు అరవై దగ్గర పడ్డాయి. ఆయన దాన్ని నిజంగా ప్రాణమున్న జీవమనే అనుకునేవాడు. "బిడ్డా, నీ మేక ఇయ్యాలన్న ఈనేటట్టున్నదా" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చాయ్‌కి వెళ్లిపోయేవాడు.

మా చిన్నమ్మ బిడ్డ అదే కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతుండేది. చెల్లెకు పుట్టుకతోనే చూపు లేదు. పరీక్షల్లో తను చెప్తుంటే ఇంకొకరు రాసేవారు. రాసేవారికి అక్షరదోషాలుంటే మార్కులు తనవి పోయేవి. ఒకసారి ఆమె చెప్పిన నాలుగు పేజీల జవాబును రాసేటామె పేజీన్నరలో ముగించిందట, చెయ్యి నొప్పి పుట్టిందని. అప్పటినుంచి చెల్లెకు ఒకటే పట్టుదల. టైపు చేసింది పైకి చదివి వినిపించే కంప్యూటర్ మీద తన పరీక్ష తనే రాయాలి. దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టగా చివరికి ఒక మాట వచ్చింది. శనివారం పదకొండు గంటలకు పరీక్షల అధికారి వచ్చి చూస్తారు, కంప్యూటర్ సరిగ్గా చదివితే ఒప్పుకుంటారు, లేకుంటే పాత పద్ధతే.

చదివే ప్రోగ్రాం ల్యాబులో ఉన్నది, పొట్లంలో వచ్చిందే. కానీ అది ఒత్తులు మింగేది. 'అక్కా' అని కొడితే 'అకా' అనేది. కోడ్ భాండారంలో ఎవరో మహానుభావులు ఆ తప్పు సరిచేశారు, పొట్లంలోకి మాత్రం ఇంకా రాలేదు. ఈ సంగతి నేను కనిపెట్టింది శనివారం పొద్దున ఎనిమిదికి. తెలివైనవాళ్లెవరైనా ఆ పూట మిషన్ జోలికి పోరు. నేను చెల్లెను పక్కన కూర్చోబెట్టుకొని, గంటలో పని అయిపోతుందని అభయమిచ్చి, కొత్తదీ పాతదీ ఒకచోట ఉంటే కొట్లాడుకుంటాయని ముందుగా పాతదాన్ని తీసి పారేశాను.

కోడ్ దిగింది. మేక్ కొట్టాను. ఫలానాది లేదన్నది. అది తెచ్చాను. ఆ ఫలానాదానికి ఇంకొకటి కావాలన్నది. పెళ్లికి పిలిస్తే తోడికోడలు రాందే రానన్నట్లు ఒకదాని వెనుక ఒకటి. నెట్ కోసం మిషన్‌కు తగిలించిన నా ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోయింది. తొమ్మిదిన్నరకు ఎట్టకేలకు మేక్ పూర్తయింది, తప్పు చూపే ఎర్ర గీత ఒక్కటి లేదు. గర్వంగా 'అక్కా' అని కొట్టాను.

ఏ శబ్దమూ లేదు. మళ్లీ కొట్టాను. స్పీకరు తీగ పీకి పెట్టాను. పాట పెడితే పాట వస్తోంది, కానీ మాట రావడం లేదు. ప్రోగ్రాంను మొదటినుంచి కట్టాను, మళ్లీ కట్టాను. పాతదాని ఒత్తులే పోయేవి, కొత్తదానికి గొంతే పోయింది. గడియారంలో పదీ పది. చెల్లె ఒళ్లో చేతులు పెట్టుకొని కదలకుండా కూర్చున్నది. ఎంతవరకు వచ్చిందని అడిగితే, అంతా బాగానే ఉంది, చివరి మెరుగులు దిద్దుతున్నానని చెప్పాను.

"అక్కా, అబద్ధం చెప్పకు," అన్నది చెల్లె నిదానంగా. "నువ్వు కీలు కొట్టే సప్పుడు ఎనిమిదింటికి ఒక తీరున్నది, ఇప్పుడు ఒక తీరున్నది. ఏమైందో చెప్పు."

చెప్పాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, ఏదో లైను మరమ్మతట. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. అది ఎక్కువసేపు ఆగదని చాచా గుర్తుచేసి, మిగతా మిషన్లన్నీ ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయాడు, ఉన్న బలమంతా ఈ ఒక్కదానికే దక్కాలని. ఆ వెంటనే కిటికీలోంచి చూసి, జీపు వచ్చిందని చెప్పాడు. అధికారి అరగంట ముందే దిగారు.

"నేను జర మాట్లల్ల పెడ్త, నువ్వు కానియ్యి," అని చాచా బయటికి నడిచాడు.

చెల్లె మాత్రం లేవలేదు. తెర మీద ఏముందో చదవమన్నది. అంతా మామూలే, తప్పులేం లేవన్నాను. తప్పులు కాదు, ఉన్నదున్నట్లు మొత్తం చదవమన్నది. నిజం ఒప్పుకోవాలి. అన్నేళ్లుగా మేక్ కొట్టిన నేను తెర మీద కురిసే ఆ వందల వరసల్లో చివరి వరస తప్ప ఏనాడూ చదివినదాన్ని కాదు. చిన్నపిల్ల పాఠం ఒప్పజెప్పినట్లు పైనుంచి చదవడం మొదలుపెట్టాను. ఇది ఉన్నది, అది ఉన్నది, ఇది సరే, అది సరే, శబ్దం బయటికి పంపేది లేదు, తెలుగు ఉన్నది...

"ఆగు. ఏది లేదన్నవ్?"

మళ్లీ చదివాను. శబ్దాన్ని స్పీకరుకు పంపే భాగం మిషన్లో దొరకలేదు కాబట్టి, అది లేకుండానే కడుతున్నానని ఆ ప్రోగ్రాం మొదట్లోనే మర్యాదగా విన్నవించుకున్నది. నేనే వినలేదు. పొద్దుటినుంచి ఒక మూగదాన్ని మూడుసార్లు శ్రద్ధగా కట్టాను.

ఆ భాగం సిద్ధమైన ప్యాకేజీగా దొరుకుతుంది. చెల్లె తన ఫోన్ ఇచ్చింది, అందులో డేటా అడుగంటి ఉన్నది, ఏదో ఒక్కదానికే సరిపోతుంది. పాతదాన్నే తిరిగి తెచ్చుకుందామా అని అడిగాను, అది కనీసం మాట్లాడుతుంది.

"పాతదైతే ఆయన ముంగట ఒత్తులు మింగుతది. గట్ల సదివితే ఎవరు ఒప్పుకుంటరు? కొత్తదే కట్టక్కా. పోతే నాదే గదా పోయేది."

ఆ భాగం తెచ్చాను, ఈసారి వరస వరస చదివాను, శబ్దం ఉన్నదన్నది, మేక్ కొట్టాను. వరండాలో చాచా అధికారికి దేవరకొండ ఖిల్లా చరిత్ర చెప్తున్నాడు (అందులో సగం అప్పటికప్పుడు పుట్టింది). యూపీఎస్ కూతలు దగ్గరపడుతున్నాయి. మేక్ ముగిసింది. అధికారి గుమ్మంలో అడుగుపెట్టారు. పరీక్షించి చూసుకునే వ్యవధి లేక కీబోర్డు చెల్లె ముందుకు జరిపాను.

తను రాసే ఫైలు కోసం చెల్లె బాణం గుర్తు నొక్కింది. కంప్యూటర్ గొంతు విప్పింది. పొద్దుటినుంచి గండం వచ్చిన ప్రతిసారీ, మళ్లీ కట్టడానికి నేనొక కొత్త ఫోల్డరు తెరిచి, మనసులో ఉన్నదే దానికి పేరుగా పెట్టుకుంటూ వచ్చాను. అది వాటిని స్పష్టంగా, ఒక్క ఒత్తు పోకుండా వరసగా చదివింది. "ఆఖరుసారి." "నిజంగా ఆఖరుసారి." "అమ్మా చచ్చిపోతున్న." "మల్లన్నా నువ్వే దిక్కు."

అధికారి నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. చాచా ఎటూ చూడకుండా బల్ల తుడిచాడు.

ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కొని కూర్చొని, తాను చెప్పింది రాయమన్నారు. పుస్తకంలో వాక్యమేదో చెప్తారనుకున్నాను.

"ఇందుమూలంగా ధ్రువీకరించునది ఏమనగా, సదరు విద్యార్థిని తన సమాధానాలను కంప్యూటర్ పైన స్వయంగా రాయగలదు."

చెల్లె ఒక్కో అక్షరం కొట్టింది. మిషన్ ఆ వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా, 'ధ్రువీకరించునది'తో సహా, తొణకకుండా అప్పజెప్పింది. ఆయన ఇంకొకసారి వినిపించమని విని లేచారు. కరెంటు వచ్చినాక గదే అచ్చు తీసి తెమ్మని, సంతకం పెడతానని చెప్పి ప్రిన్సిపాల్ గదివైపు వెళ్లారు. ఆయన వరండా దాటకముందే యూపీఎస్ ఆఖరి కూత కూసి ఊరుకున్నది. చీకటి తెర ముందు చెల్లె ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. నాది మాత్రం ఏడుపే.

ఆ ఏడు తన పరీక్షలన్నీ తనే రాసింది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో పిల్లలకు చరిత్ర చెప్తోంది. నేను షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో సర్వర్లు చూస్తాను. ఏ మార్పు చేయాలన్నా మూడు నకళ్లు తీసిపెడతాను, నలుగురి అనుమతి తీసుకుంటాను, శనివారం ఏదీ ముట్టను. పదకొండింటికి పరీక్ష పెట్టుకొని, పాతది తీసి పారేసి కొత్తది కట్టడానికి కూర్చున్న ఆ పిల్ల ఇవాళ ఉద్యోగానికొస్తే, మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపించేస్తాను. కానీ ఒక్కొక్కప్పుడు ఇంకో ఆలోచన కూడా వస్తుంది. ఆ పొద్దున చెల్లె పక్కన ఇప్పటి నేను ఉండి ఉంటే ఏం జరిగేది? ఏమీ జరిగేది కాదు. ఎందుకొచ్చిన తంటా, ఈ ఒక్క ఏడాదికి ఎవరితోనైనా రాయించుకో అని బుద్ధిగా నచ్చజెప్పి ఉండేదాన్ని.