పాదిరిగారి కుర్చీ

నేను కూర్చోగానే కుర్చీ కిర్రుమంది. లేచి చూస్తే చెక్కలో చీలిక.

ఇంగ్లండులో కోవెంట్రీ దగ్గర, సందర్శకులకు చూపించే ఒక పాత బంగ్లా అది. పద్దెనిమిదో శతాబ్దంలో అన్నగారు పోతే, ఎస్టేటుతో సహా తమ్ముడైన చర్చి పాదిరికి వారసత్వంగా వచ్చిందట. కుర్చీ ఆయనదే. దానిమీద ఎండిన ముళ్లపువ్వు ఉంటే, ఎవరో మరిచిపోయారనుకుని, మర్యాదగా కిటికీలో పెట్టి మరీ కూర్చున్నాను.

"కూర్చోవద్దని చెప్పడానికే అది పెడతారు మామయ్యా. బోర్డు పెడితే రూడ్‌గా ఉంటుందని," అంది వెనకే వచ్చిన మా మేనకోడలు. జీవితమంతా పత్రికలో పనిచేసినవాణ్ణి. అచ్చులో లేనిది నాకు అర్థం కాదు.

బంగ్లా చూపించే పెద్దావిడ వచ్చి, ముందు తనే సారీ చెప్పింది. "కంగారుపడకండి, ఆయన మీకంటే బరువు," అంటూ గోడమీది పాదిరి చిత్రం చూపించింది.

తర్వాత కనుక్కుంటే, చీలిక పాతదో కొత్తదో తేల్చే నిపుణుడు ఇంకా రాలేదట.