కన్ను కొట్టని మునిచంద్ర

మదనపల్లె టమాటా మార్కెట్లో వేలం పిలవడమంటే మాటలు కాదు. ఒకపక్క లారీల హారన్లు, ఇంకోపక్క హమాలీల కేకలు, మధ్యలో వ్యాపారులు తలా ఒక ధర అరుస్తుంటే, అందరి మీదా ఒక్కడి గొంతు వినపడాలి. రైతుల కాయను కమీషన్‌కు అమ్మిపెట్టే వెంకటేశులు మండీలో ఆ గొంతు మునిచంద్రది. పుంగనూరు పక్క పల్లెనుంచి హమాలీ పనికొచ్చినవాడు. బాక్సులు మోస్తూ మోస్తూ వాడు అరిచిన అరుపులకే వెంకటేశులు ముచ్చటపడి, తలమీది బరువు దించి వేలానికి నిలబెట్టాడు. అప్పటినుంచి ఇరవై ఏళ్లుగా ఆ మండీకి వచ్చిన ప్రతి కాయా మునిచంద్ర నోటిమీదుగానే అమ్ముడుపోయింది.

ఆ పనికి గొంతొకటే ఉంటే చాలదు, కన్నూ ఉండాలి. పాట పెంచే వ్యాపారులందరూ నోరు తెరిచి చెప్పరు. పక్కవాడికి తెలియకుండా ఒకడు వేలు కదుపుతాడు, ఒకడు గడ్డం గోక్కుంటాడు, ఇంకొకడు కన్ను కొడతాడు. వాటినన్నిటినీ పట్టుకుని ధర పెంచుకుంటూ పోవాలి. పిలిచేవాడు మాత్రం తిరిగి కన్ను కదపకూడదు. కదిపాడా, ఆ వ్యాపారితో లోపాయికారీ నడుపుతున్నాడనే రైతులు అనుకుంటారు. మునిచంద్ర రెప్ప వెయ్యకుండా నిలబడేవాడు. అందుకే రైతులకు వాడంటే అంత నమ్మకం.

అట్లాంటి మనిషికి, ఏం చెప్పమంటారు, సరిగ్గా ఆ కన్నుకే వచ్చింది!

మొదట గొంతు. పొద్దున ఖంగుమని మొదలయ్యే పిలుపు, వేలం సగంలోకి వచ్చేసరికి ముక్కులోంచి వచ్చేది. మాట ముద్దయ్యేది. ఇంటికెళ్లి తినబోతే నాలుగు ముద్దలకే దవడ అలిసిపోయి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నమిలేవాడు. ఒకసారి నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. తర్వాత ఎడమ రెప్ప వాలడం మొదలైంది. పొద్దున నిద్రలేచినప్పుడు బాగానే ఉండేది. ఎండెక్కే కొద్దీ పాడుబడ్డ కొట్టు షట్టరులాగా జారిపోయేది.

మార్కెట్టుకు ఇంకేం కావాలి! మాట తడబడుతోంది, కళ్లు మూతలు పడుతున్నాయి. తాగి వస్తున్నాడన్నారు. మునిచంద్రకు సారా వాసనంటేనే వాంతి. అయినా ఒక పెద్దమనిషి దగ్గరకొచ్చి నోరు వాసన చూశాడు. ఇంకొకడు మత్తు దిగుతుందని నిమ్మకాయ నీళ్లు పట్టుకొచ్చాడు. మునిచంద్ర ఆ గ్లాసు తీసుకుని వాడి చెప్పుల మీదే పోసి, "నీ మత్తు దించుకోప్పా ముందు," అన్నాడు.

మునిచంద్ర భార్య సుమలత ఇంకా తెగువగల మనిషి. "తాగినోడు నిద్రపోయి లేస్తే తలకాయ పట్టుకుని లేస్తాడు. మా ఇంటాయన నిద్రపోయి లేస్తే పులి మాదిరి లేస్తాడు. ఇది తాగుడు కాదు, ఏదో జబ్బు," అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఎదురు చెప్పేది. దిష్టి తియ్యమన్నవాళ్లనూ, తాయెత్తు కట్టమన్నవాళ్లనూ ఆమె గడప దాటనివ్వలేదు. కళ్లద్దాల షాపులో అద్దాలు మాత్రం కొనిపెట్టింది. అద్దాలు పెట్టుకున్నా వాలే రెప్ప వాలుతూనే ఉంది.

అంతలో కృష్ణమ్మ గొడవ వచ్చిపడింది.

కృష్ణమ్మది కలికిరి దగ్గర పల్లె. మొగుడు పోయినాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి. నోరు పెద్దది, కష్టం అంతకంటే పెద్దది. ఆరోజు ఆమె సరుకు బంగారం లాంటి సరుకు. మునిచంద్ర వేలం పిలుస్తున్నాడు. ఎదురుగా హఫీజ్ అనే వ్యాపారి నిలబడి ఉన్నాడు. సరిగ్గా పాట ముగించే సమయానికి మునిచంద్ర ఎడమ రెప్ప టక్కున వాలింది. సరుకు హఫీజ్‌కే పోయింది, అదీ తక్కువ ధరకు. కృష్ణమ్మ చూసింది. చూసినదాన్ని చూసినట్టే అరిచింది.

"కన్ను కొడతాండాడు! సూడండి, ఆ సాయిబుకి కన్ను కొట్టి నా సరుకు అప్పనంగా ఇచ్చేసినాడు!"

వచ్చి మునిచంద్ర మెడలో తువ్వాలు పట్టుకుంది. హఫీజ్ "అల్లా తోడమ్మా, నాకేం తెలీదు, అన్న నాకు కన్నూ కొట్టలే కాలూ కొట్టలే," అని మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? మునిచంద్ర జవాబు చెప్పబోయాడు. అప్పటికే గొంతు ముక్కులోకి దిగిపోయింది. నోట్లోంచి వచ్చింది మాటో మూలుగో తెలియకుండా పోయింది. మాట రాకపోవడమే తప్పు ఒప్పుకున్నట్టయింది. ఇరవై ఏళ్లు సంపాదించిన పేరు పోవడానికి ఒక్క రెప్పపాటు చాలింది. మునిచంద్రకు తల కొట్టేసినట్టయింది.

వెంకటేశులు చెడ్డవాడు కాడు. కానీ రైతులు పక్క మండీకి పోతే ఆయన గతేమిటి? మునిచంద్రను వేలం నుంచి దించి, ఖాళీ బాక్సులు కడిగే దగ్గర పెట్టాడు. మునిచంద్ర ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పెళ్లైన తర్వాత మొదటిసారి భార్య ముందు ఏడ్చాడు. సుమలత కళ్లు తుడవలేదు. "ఏడిస్తే రెప్ప లేస్తాదా? లెయ్యి, రేపు కుప్పం పోతాండాము. ఆడ పెద్దాసుపత్రి ఉండాది," అంది.

మదనపల్లెనుంచి పుంగనూరు, పలమనేరు, అక్కణ్నుంచి వెంకటగిరికోట మీదుగా కుప్పం. బస్సు కిటికీ దగ్గర కూర్చున్న మునిచంద్రకు ఎదురొచ్చే ప్రతి లారీ రెండుగా కనిపించింది. ఆ సంగతి అప్పటిదాకా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే ఎక్కడ గుడ్డివాడంటారోనని భయం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పేరు వసుధ. చిన్నపిల్లలాగా ఉంది గానీ మనిషి చెప్పేది చివరిదాకా విన్నది. రెప్ప వెయ్యకుండా పైకప్పు చూడమంది. కాసేపటికే ఎడమ రెప్ప కిందికి జారింది, వెనకే కుడిది కూడా కొంచెం జారింది.

"మీరేం పని చేస్తారు?"

"టమాటా వేలం పిలస్తానమ్మా. పిలస్తాంటిని."

"అయితే ఇక్కడ పిలవండి."

మునిచంద్ర సుమలత వైపు చూశాడు. పిలువు అన్నట్టు ఆమె తలూపింది. పిలిచాడు! బయట వరండాలో చీటీలు పట్టుకుని కూర్చున్న రోగులంతా ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. నర్సు పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ ఆపమనలేదు. పిలుస్తూ ఉండగానే గొంతు ముక్కులోకి దిగింది, మాట ముద్దయింది, ఆగిపోయింది. అప్పుడామె చేతి తొడుగులో ఐసుముక్కలు వేయించి, మూసిన ఎడమ రెప్ప మీద పెట్టించింది. కాసేపటికి తీసి, కన్ను తెరవమంది. రెప్ప లేచింది. పూర్తిగా లేచింది! సుమలత "అమ్మా!" అని గట్టిగా అరిచేసింది.

"దీన్ని మయస్తీనియా అంటారు," అంది డాక్టరమ్మ. "మన ఒంట్లో రోగాలను తరిమే కాపలా ఒకటుంటుంది. బయటి క్రిమి వస్తే దాన్ని పట్టుకుని చంపడం దాని పని. మీ ఒంట్లో ఆ కాపలా దారి తప్పింది. నరం వచ్చి కండకు 'కదులు' అని చెప్పే చోటొకటుంది. మీ కాపలా ఆ చోటినే శత్రువనుకుని కొడుతోంది. నరం బాగుంది, కండా బాగుంది. చెప్పిన మాటే కండకు అందడం లేదు. కొద్దిసేపు అందుతుంది, వాడేకొద్దీ తగ్గిపోతుంది. చల్లదనానికీ విశ్రాంతికీ మళ్లీ కొంచెం అందుతుంది."

"అంటే మా మండీ వాచ్‌మేనే మా హమాలీల్ని కర్ర తీసుకొని కొడతాండాడన్న మాట."

"అదే."

"యాల కొడతాండాడు? వాళ్లేం సేసినారు?"

"ఎందుకో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు. మీరు చేసిన తప్పేమీ లేదు. ఇది తాగుడు వల్ల రాలేదు, ఎవరికీ అంటదు."

తప్పేమీ లేదు అన్న ఆ ఒక్క మాటకు మునిచంద్రకు గుండెమీదనుంచి బండ దించినట్టయింది. రక్తపరీక్షలో అదే జబ్బని తేలింది. ఈ జబ్బున్న కొందరికి ఛాతీలో గడ్డ పెరుగుతుందని స్కానింగు తీశారు, అదేమీ లేదన్నారు. మాత్రలు రాసిచ్చారు. జబ్బు పూర్తిగా పోతుందని చెప్పలేననీ, లొంగుతుందనీ చెప్పింది డాక్టరమ్మ. మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి రావాలనీ, అడగకుండా మందుల షాపులో ఏ మాత్రా కొని మింగకూడదనీ గట్టిగా హెచ్చరించింది. "గొంతు పని మానేస్తే మంచిది," అని కూడా అంది.

"అదొక్కటీ అడగొద్దమ్మా," అన్నాడు మునిచంద్ర.

మాత్రలు పనిచేశాయి. అన్నం నమలగలిగాడు. లారీలు ఒకటిగా కనిపించాయి. రెప్ప మాత్రం ఎండెక్కి, గొంతు వాడితే వాలుతూనే ఉంది. కొన్ని వారాలు చూసి, ఒకరోజు పొద్దున్నే మండీకెళ్లి వెంకటేశులు ఎదుట నిలబడ్డాడు.

"నా పని నాకియ్యి."

వెంకటేశులు ముఖం జాలిగా పెట్టాడు. "గేటు కాడ కుర్సీ ఏస్తానప్పా. కూసోని చీటీలు సూసుకో. జీతం అదే ఇస్తా. నీ ఆరోగ్యం..."

"నీ జాలి నాకొద్దన్నా. నేను రోగిస్టోణ్ని, నిజమే. దొంగను కాదు. కుర్సీలో కూసుంటే దొంగతనం ఒప్పుకున్నట్టే అయితాది."

"రైతులు ఒప్పుకోవాల గదప్పా!"

ఆరోజు కృష్ణమ్మ సరుకు వచ్చి ఉంది. మునిచంద్ర నేరుగా ఆమె బాక్సుల దగ్గరికే నడిచాడు. వ్యాపారులు గుమిగూడారు. అందులో హఫీజూ ఉన్నాడు. మునిచంద్ర మెడ వెనక్కి వాల్చి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. చూడగా చూడగా ఎడమ రెప్ప జారింది.

"సూడండప్పా! ఇప్పుడెవురికి కన్ను కొడతాండాను? మొగులుకా?"

ఎవరో నవ్వారు. కృష్ణమ్మ నవ్వలేదు. మునిచంద్ర చెరుకురసం బండి దగ్గర ఐసుముక్క తీసుకుని, తువ్వాలులో చుట్టి రెప్పమీద పెట్టుకున్నాడు. నీళ్లు చెంపమీదుగా చొక్కాలోకి కారాయి. తీసి, కన్ను తెరిచి, కృష్ణమ్మ ముఖంలోకి చూశాడు. రెండు కళ్లూ సమంగా ఉన్నాయి. జబ్బు పేరూ, అది ఒంట్లో చేసే పనీ తనకు తెలిసినంతవరకు చెప్పాడు.

కృష్ణమ్మ తల తిప్పుకోలేదు. "కన్ను సంగతి సరేప్పా. ఆ పొద్దు నా సరుకు ధర పడిపోయినమాట నిజమా కాదా?"

మునిచంద్ర తల వంచలేదు. "నిజమేనమ్మా. ఎడంపక్క ఎవురన్నా చెయ్యి ఎత్తిండొచ్చు. రెప్ప వాలి నాకు ఆ పక్క కానరాలే. కానరాలేదని సెప్పకుండా పాట ముగిచ్చినా. అది నా తప్పు. దొంగతనం మాత్రం నాది కాదు."

మండీ అంతా ఆమె వైపే చూసింది.

"అయితే ఈ పొద్దు నా సరుకు నువ్వే పిలువు. ఒక్క చెయ్యి ఇడిసిపెట్టినావంటే మళ్లా నీ మొకం సూడను."

వాడు పిలిచాడు. అబ్బ, ఎన్నాళ్లకు! హమాలీలు పని ఆపి చూశారు. హఫీజ్ పెంచాడు, ఇంకొకడు పెంచాడు, మళ్లీ హఫీజ్. ధర ఎక్కుతోంది. ఎండా ఎక్కుతోంది. సరిగ్గా పాట కాక మీదున్నప్పుడు మాట ముక్కులోకి జారింది. తర్వాతి మాట గొంతు దాటి రాలేదు. రెప్ప కిందికి దిగడం మొదలుపెట్టింది. హఫీజ్ దగ్గర ఆగిన ధర అక్కడే ఆగిపోయింది.

వెంకటేశులు ముందుకొచ్చాడు. "నేను ముగిస్తాలేప్పా. హఫీజ్‌కి..."

మునిచంద్ర యజమాని నోటిమీద అరచెయ్యి అడ్డంపెట్టాడు. మండీలో ఆ పని ఎవరూ ఎన్నడూ చెయ్యలేదు. ఇంకో చేత్తో అందరినీ ఆగమని సైగ చేసి, బోర్లించి ఉన్న ఖాళీ బాక్సు మీద కూర్చుని కళ్లు రెండూ మూసుకున్నాడు. క్షణం ఆగని మార్కెట్టు అది. వ్యాపారులు గొణిగారు. ఒకడు పక్క వరసకు పోబోయాడు.

"నా సరుకు ఇది. నేను ఆగుతాండా," అని కృష్ణమ్మ వాళ్లకు అడ్డం నిలబడింది. "ఆయన లేసి ముగిచ్చేదాకా ఎవురూ కదిలేది లేదు. అంత తొందరుండేటోళ్లు పోండి, కాయ మళ్లా అడగొద్దు."

ఎవరూ పోలేదు. మునిచంద్ర ఎవరికోసమూ తొందరపడలేదు. ఒళ్లు తనకు ఎంతసేపు కావాలందో అంతసేపు దానికిచ్చాడు. తర్వాత లేచి నిలబడి, ఐసు ఇంకా కరుగుతున్న తువ్వాలుతో రెప్ప తుడుచుకుని, కుడినుంచి ఎడమకు ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చాడు. ఎడమ చివర, హమాలీల వెనక, ఒక చూపుడువేలు లేచింది. మునిచంద్ర ఆ వేలిని కంటితో పట్టుకుని, హఫీజ్ చెప్పినదానికంటే పైధరను గొంతెత్తి పిలిచాడు.